దూరాలు తిరగడానికి ఏ బండి? ముందు బరువు లెక్క, ఆ తర్వాతే బ్రాండు

నెలల తరబడి దేశాల మీదుగా, రోడ్డున్న చోటా లేని చోటా తిరిగి రావాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: టొయోటా ల్యాండ్ క్రూయిజరా, ల్యాండ్ రోవర్ డిఫెండరా? నేనూ అక్కడే మొదలుపెట్టాను. మంచి పేరున్న బండి కొన్నాను, ఫొటోల్లో చూసినవన్నీ దానికి బిగించాను. రెండో వారంలోనే, రేకుల షీటులా అలలు తేలిన మట్టిరోడ్డు మీద వెనక షాక్ అబ్జార్బర్ ఆయిల్ కక్కేసింది, మర్నాడు రూఫ్ ర్యాక్ కాలు విరిగింది. బండిని తిట్టుకున్నాను గానీ, తర్వాత లారీల కాటా మీద ఎక్కించి చూస్తే ఉండాల్సిన దానికంటే దాదాపు మూడు వందల కిలోలు ఎక్కువ తేలింది.

నమ్మకమైన బండి అంటే అస్సలు చెడిపోనిది అని చాలామంది లెక్క. అలాంటిది ఇంతవరకూ ఎవరూ తయారుచెయ్యలేదు. చెడిపోయే ముందు ఏదో ఒక శబ్దం చేసి చెప్పాలి, చెడిపోయాక దగ్గర్లో ఉన్న మామూలు మెకానిక్ మామూలు పానాలతో విప్పగలగాలి, కావాల్సిన సామాను నెల రోజులు కూర్చోబెట్టకుండా చేతికి రావాలి. ఈ మూడూ ఉంటే చాలు, ఎంత పాతదైనా సరే. జర్మనీకి చెందిన గుంథర్ హోల్టార్ఫ్ 1980ల చివర్లో బయల్దేరి 2014 దాకా ఒకే మెర్సిడెస్ 300 జీడీలో తొమ్మిది లక్షల కిలోమీటర్లకి దగ్గరగా తిరిగాడు. ఆ ఇంజన్ ఇచ్చేది 88 హార్స్ పవర్, టర్బో కూడా లేదు. ఇవాళ చిన్న హ్యాచ్‌బ్యాక్ కూడా అంత లాగుతుంది. చాలా రిపేర్లు ఆయనే చేసుకునేవాడు, అసలు సంగతి అందులో ఉంది.

ముందు కాగితం మీద తూకం

బండి కాగితాల్లోనో, డ్రైవర్ డోరు దగ్గర అతికించిన స్టిక్కర్ మీదో గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మొయ్యగలిగింది. ఓ మాదిరి ఫోర్ బై ఫోర్‌కి, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండికి, అది 700 కిలోలు అనుకుందాం. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా, ఇప్పుడు కూడండి: ఇద్దరు మనుషులు 150, అదనపు ట్యాంకులో 80 లీటర్ల డీజిల్ ఓ 67, నీళ్లు 60, పైన టెంటూ ర్యాకూ కలిపి 110, లోపలి డ్రాయర్లు, ఫ్రిజ్, రెండో బ్యాటరీ 100, ఇనప బంపరు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్ 90, రెండో స్టెప్నీ 35, పానాలూ విడిభాగాలూ 40, బట్టలు, వంట సామాను, తిండి కలిపి 60. మొత్తం 712. ఇంకా కుర్చీలు లెక్కెయ్యలేదు, కెమెరా బ్యాగు లెక్కెయ్యలేదు, దారిలో కొనే పనికిమాలిన వస్తువుల సంగతి సరేసరి. కొన్ని కంపెనీల ఖాళీ బరువులో డ్రైవరు, కాస్త డీజిలు ముందే కలిపి ఉంటాయి, కొన్నింటిలో ఉండవు, అదీ చూసుకోండి.

మొత్తం సరిపోయినా వెనక యాక్సిల్ మీద లోడు దాటిపోవచ్చు, ఎందుకంటే మనం పెట్టేదంతా వెనకే. అందుకే కాటా మీద ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించాలి. బరువైన స్ప్రింగులు వేయిస్తే సరిపోదా అంటారు. వెనక భాగం కుంగకుండా అవి ఎత్తిపడతాయి, నిజమే, కానీ బ్రేకులు, బేరింగులు, ఛాసిస్, క్లచ్ ప్లేటు మాత్రం అవే పాతవి. ఓవర్‌లోడ్‌లో పోయేవి చాలావరకు ఇవే.

ఇంకో సంగతి, పైకప్పు. కదులుతున్న బండి పైకప్పు మీద 75 నుంచి 100 కిలోలకి మించి పెట్టొద్దని చాలా బండ్ల పుస్తకాల్లో ఉంటుంది. పైన చెప్పిన టెంటూ ర్యాకుతోనే అది అయిపోయింది. దాని మీద నిండు డీజిల్ డబ్బాలు నాలుగు పెట్టుకుని కొండ మలుపులు తిరిగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

ఇప్పుడు బండ్ల సంగతి

పాత తరహా డీజిల్ ఫోర్ బై ఫోర్, అంటే ఛాసిస్ విడిగా, బాడీ విడిగా ఉండి, ఇంజెక్షన్ పంపు కంప్యూటర్ సాయం లేకుండా పనిచేసే బండి, ఇప్పటికీ ఈ పనికి మొదటి వరసలోనే ఉంది. ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్ 1984లో మొదలై ఇప్పటికీ తయారవుతోంది. అందులో పేరు తెచ్చుకున్న 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల 1హెచ్‌జెడ్ ఇంజన్‌ని విప్పి బిగించగలిగే మెకానిక్ ఆఫ్రికాలో, ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాల్లో ఎక్కడైనా దొరుకుతాడు. నాసిరకం డీజిల్ తాగినా గొణుక్కుంటూ నడుస్తుంది. లోపాలు లేవా అంటే బోలెడు. ఎత్తు ప్రాంతాల్లో టర్బో లేని ఇంజన్ నీరసపడిపోతుంది. తజికిస్తాన్‌లో పామీర్ హైవే మీద అక్-బైతాల్ కనుమ 4,655 మీటర్లు, ఇంకాస్త పైకి 5,000 మీటర్లకి వెళ్తే గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి సగం కంటే కొంచెమే ఎక్కువ. బండి నల్ల పొగ వదులుతూ రెండో గేరులో పాకుతుంది. హైవే మీద మోత, ఎయిర్‌బ్యాగుల్లాంటివి పాత వాటిలో ఉండవు, పైగా పేరుని బట్టి సెకండ్‌హ్యాండ్‌లో ధర కూడా విపరీతంగా చెప్తారు. డిఫెండర్ విషయంలో ఒక్క జాగ్రత్త: పాత డిఫెండర్ తయారీ 2016లో ఆగిపోయింది, తర్వాత ఆ పేరుతో వచ్చినదానికి విడిగా ఛాసిస్ లేదు, నిండా ఎలక్ట్రానిక్స్. పేరొకటే గానీ బండి వేరు, ఒకదాని గురించి విన్న కథలు రెండోదానికి అంటగట్టకండి.

కొత్త కామన్ రైల్ డీజిళ్లు, అంటే భారీ ఒత్తిడితో కంప్యూటర్ లెక్క ప్రకారం డీజిల్ చిమ్మే ఇంజన్లు, నడపడానికి హాయి. తక్కువ తాగుతాయి, బలంగా లాగుతాయి, టర్బో ఉంటుంది కాబట్టి కొండలెక్కేటప్పుడు ఇంత ఇబ్బంది పెట్టవు. సమస్యల్లా అవి తాగే డీజిల్. వీటిలో ఇంధనం ఒత్తిడి 2,000 బార్ దాకా వెళ్తుంది, అంత సన్నటి పనితనంలోకి చిటికెడు మట్టి, రెండు చుక్కల నీళ్లు పోయినా పంపూ ఇంజెక్టర్లూ కలిసి పోతాయి. యూరో 5, యూరో 6 అనే యూరప్ కాలుష్య ప్రమాణాల ఇంజన్లు 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) సల్ఫర్ ఉన్న డీజిల్ కోసం తయారైనవి, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ సల్ఫర్ ఉన్న డీజిల్ అమ్మే దేశాలు ఇంకా ఉన్నాయి. పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో మసి చేరుతుంది, అది కాలిపోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి, అంటే బండి కాసేపు హైవే వేగంతో పోవాలి. వారం రోజులు గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో రాళ్ల దారిలో పోతుంటే ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? మీటర్ మీద లైటు వెలుగుతుంది, బండి లాగడం మానేస్తుంది. ఇక యూరో 6 బండ్లలో చాలావాటికి పొగలోని విషవాయువుని తగ్గించే యాడ్‌బ్లూ అనే యూరియా ద్రవం విడిగా పోయాలి. అది అయిపోతే నడుస్తున్న బండి నడుస్తుంది గానీ ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కానివ్వదు, మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది కూడా. మీ దారి అంతా మంచి డీజిల్ దొరికే దేశాల్లోనే ఉంటే ఇవేవీ పట్టించుకోకుండా కొత్తది తీసుకోండి, సుఖపడతారు. లేదంటే బండి కొనేముందే ఆ మోడల్ ఎంత సల్ఫర్ దాకా తట్టుకుంటుందో యజమాని పుస్తకంలో చదవండి, అందులో రాస్తారు.

ఈ రెండింటి గొడవలో అందరూ మర్చిపోయేది పెట్రోలు. టర్బో లేని, మామూలు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోలు ఫోర్ బై ఫోర్‌కి డీపీఎఫ్ లేదు, యాడ్‌బ్లూ లేదు, ఆ భారీ ఒత్తిడి పంపు లేదు, సెకండ్‌హ్యాండ్‌లో డీజిల్ కంటే చవకగా వస్తుంది, చలికి డీజిల్ మైనంలా గడ్డకట్టే బాధా లేదు. తాగుడు మాత్రం ఎక్కువే. వంద కిలోమీటర్లకి డీజిల్ బండి 11 లీటర్లు తాగే చోట ఇది 15, 16 తాగొచ్చు, అంటే 90 లీటర్ల ట్యాంకుతో 800 కిలోమీటర్లు పోయేది 600 దగ్గర ఆగుతుంది. తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే కొన్ని ఇంజన్లు టకటకమని కొట్టుకుంటాయి, కాబట్టి ఎంత ఆక్టేన్ అడుగుతుందో చూసుకోవాలి. ఏడాదికి లోపు ప్రయాణం, కొనడానికి డబ్బు పరిమితం అయితే నా ఓటు దీనికే. డీజిల్ బండికి మొదట్లోనే ఎక్కువ పెట్టే మొత్తంతో చాలా పెట్రోలు వస్తుంది, లెక్కేసి చూడండి.

పికప్, అంటే హైలక్స్ తరహా బండి, దాదాపు ప్రతి దేశంలోనూ పనిబండి. అదే దాని బలం. పొలానికీ గనులకీ నడిచే బండికి టైరు, బేరింగు, క్లచ్ ప్లేటు దొరకని ఊరుండదు. బరువు మొయ్యడం కూడా మామూలు ఎస్‌యూవీల కంటే ఎక్కువే, చాలావాటికి ఓ టన్ను దాకా. వెనక తొట్టిలో పెద్ద క్యాంపర్ పెట్టేస్తేనే చిక్కు. బరువంతా వెనక యాక్సిల్‌కి ఇంకా వెనకగా పడితే గతుకుల్లో ఛాసిస్ వంగిపోయిన బండ్లున్నాయి, ముఖ్యంగా వెనక సీట్లు కూడా ఉండే డబుల్ క్యాబ్‌లు. బరువైనవన్నీ క్యాబిన్ వెనక గోడకి ఆనించి సర్దుకోవాలి.

వ్యాన్ గురించి మనసులో చిన్నచూపు ఉంటే తీసేయండి. నిజంగా మీ ప్రయాణంలో ఎన్ని కిలోమీటర్లు ఇసుక, బురద, రాళ్లు? తారు, కంకర కలిపి తొంభై శాతం దాటితే, లోపల నిలబడి వంట చేసుకునే చోటు, వానపడే సాయంత్రం టెంటు విప్పక్కర్లేని సుఖం, ఈ రెండూ, జారే చోట రెండు పక్కల చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ కంటే ఎక్కువ అక్కరకొస్తాయి. మూడు నెలలు దాటాక జనం విసిగిపోయేది రోడ్లతో తక్కువ, ఇరుకుతో ఎక్కువ. కాకపోతే వ్యాన్ కింద నేలకి ఉండే ఎడం తక్కువ, బయట నుంచి చూస్తే ఇల్లని తెలిసిపోతుంది, ఓడలో పంపాల్సి వస్తే ఎత్తు అడ్డొస్తుంది. ఇది అమెరికా ఖండాల ప్రయాణంలో తప్పించుకోలేని విషయం. పనామాకీ కొలంబియాకీ మధ్య డేరియన్ గ్యాప్‌లో వంద కిలోమీటర్ల పైచిలుకు రోడ్డే లేదు, బండిని ఓడ ఎక్కించాల్సిందే. మామూలు కంటెయినర్ తలుపు ఎత్తు దాదాపు 2.28 మీటర్లు, హై క్యూబ్ అనే ఎత్తు రకానిది 2.58. ర్యాకుతో కలిపి 2.25 లోపు ఉన్న బండి తాళం వేసిన కంటెయినర్‌లో పోతుంది, ఎత్తు వ్యాన్ మాత్రం వేరేవాళ్లు తాళాలు తీసుకుని నడిపి ఎక్కించే ఓడలో పోవాలి, లోపలి సామాను మీద దొంగల కన్ను పడేది అక్కడే.

చిన్న బండి, జిమ్నీ లాంటిది, ఒక్కరికైతే చక్కగా సరిపోతుంది. ఇరుకు దారుల్లో పెద్దబండి రివర్సు తీసుకునే చోట ఇది దూసుకుపోతుంది. కానీ మోసేది మూడు వందల కిలోల చుట్టూ మాత్రమే, ఇద్దరు ఎక్కితే సగం అక్కడే అయిపోయింది. సామాను తగ్గించుకునే క్రమశిక్షణ ఉన్నవాళ్లకే.

లారీ సైజు ఇళ్లు, యూనిమాగ్ లాంటివి, కుటుంబంతో ఏళ్ల తరబడి ఉండేవాళ్లకి. టైరు విప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి, లైసెన్సు వేరే, వంతెన కనపడ్డప్పుడల్లా దిగి చూడాలి. ఎలక్ట్రిక్ బండిలో కూడా వెళ్లినవాళ్లున్నారు, 2023లో ఒక జంట నిస్సాన్ ఆరియాలో దక్షిణ ధ్రువం దాకా పోయింది, కానీ దాని వెనక పెద్ద ఏర్పాటు ఉంది. ఛార్జర్లు ఉన్న ఖండంలో తిరగడానికైతే ఇబ్బంది లేదు.

కాగితాల విషయంలో ఒక్క ముక్క. కొన్ని దేశాలు బండిని మళ్లీ బయటికి తీసుకెళ్తామని కస్టమ్స్‌కి హామీ ఇచ్చే కార్నె ద పసాజ్ అనే పత్రం అడుగుతాయి, దానికి కట్టే హామీ సొమ్ము బండి విలువని బట్టి ఉంటుంది. ఖరీదైన కొత్త బండికి ఇది తడిసి మోపెడవుతుంది, పాతబండికి తేలిగ్గా పోతుంది. కొన్ని దేశాలు కుడి స్టీరింగు బండిని రానివ్వవు, అది కొనకముందే కనుక్కోవాలి.

సెకండ్‌హ్యాండ్ అయితే ఏం చూడాలి

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే అనుమానపడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ కాగానే వచ్చే పొగ చాలా చెప్తుంది: నీలం అయితే ఆయిల్ కాలుతోంది, తెల్లగా తీపి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది, తొక్కినప్పుడల్లా నల్లగా వస్తే గాలి చాలట్లేదు లేదా డీజిల్ ఎక్కువవుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి, సన్నగా ఆవిరి వస్తే పర్వాలేదు, బుసబుసమని గాలి తన్నితే పిస్టన్ రింగులు అయిపోయినట్టే. ఫోర్ బై ఫోర్ లో-గేరు వేసి ముందుకీ వెనక్కీ నడిపి చూడాలి, ఏళ్లుగా వాడని లీవరు బిగుసుకుపోయి ఉంటుంది.

కింద పడుకుని ఛాసిస్‌ని చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్బుమంటుంది. ఇంజన్ మార్చుకోవచ్చు, గేర్ బాక్సు మార్చుకోవచ్చు, ఛాసిస్ తుప్పు పట్టిన బండి ఎంత చవకైనా వదిలేయండి. తాజాగా నల్ల రంగు పూసి ఉంటే మాత్రం ఎందుకు పూశారని అడగాలి. సర్వీసు బిల్లులు లేని లక్ష కిలోమీటర్ల బండి కంటే, బిల్లులన్నీ ఉన్న మూడు లక్షల కిలోమీటర్ల బండినే నేను కొంటాను.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మొదటి ఖర్చు సర్వీసు. చాలామంది దీన్ని ఆఖర్న పెడతారు, లైట్లూ బంపర్లూ ముందు కొంటారు. ఇంజన్ ఆయిల్ ఒక్కటే సరిపోదు, గేర్ బాక్సు, ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు, బ్రేకు, కూలెంట్ అన్నీ మార్చాలి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియకపోతే మార్చలేదనే అనుకోండి. రబ్బరు హోసులు, ఫ్యాన్ బెల్టులు, నీళ్ల పంపు, చక్రాల బేరింగులు కొత్తవి వేయించి, తీసిన పాతవాటిలో బాగున్నవి కవర్లో చుట్టి స్పేరుగా పెట్టుకోండి. అవి ఆ బండికి సరిగ్గా సరిపోతాయని ముందే రుజువైంది కదా, డబ్బాలో వచ్చిన కొత్త పార్టు విషయంలో ఆ గ్యారంటీ లేదు.

తర్వాత టైర్లు. ఆల్ టెర్రెయిన్ చాలు, మడ్ టెర్రెయిన్ మోతకీ తాగుడుకీ ఎక్కువమందికి అక్కర్లేదు. ఫ్యాషన్ సైజు వేసుకోకండి. 235/85 ఆర్ 16 లాంటి పనిబండ్ల సైజు మారుమూల కూడా దొరుకుతుంది, 20 అంగుళాల రిమ్ముకి టైరు కోసం విమానం కోసం ఎదురుచూడాలి. టైరు మీద లోడు అంకె చూడండి: 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోలు, 121 అంటే 1,450. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2423 అంటే 2023లో 24వ వారం. కొత్తదని అమ్మినదాని మీద ఐదేళ్ల కిందటి తేదీ ఉంటే తిరిగిచ్చేయండి. గాలి తగ్గించడం, మళ్లీ కొట్టుకోవడం నేర్చుకుంటే సగం ఫోర్ బై ఫోర్ కొన్నట్టే. మెత్తటి ఇసుకలో 15 పీఎస్ఐ దగ్గర, గతుకుల మట్టిరోడ్డు మీద 26, 28 దగ్గర బండి ప్రవర్తనే మారిపోతుంది. తగ్గించినప్పుడు వేగమూ తగ్గించాలి, లేకపోతే టైరు వేడెక్కి చీలుతుంది. కాబట్టి మంచి గాలి పంపు, పంచరు పుల్లల కిట్టు వించ్ కంటే ముందు కొనాల్సినవి. వించ్ కొని ఒక్కసారి కూడా వాడనివాళ్లు నాకు చాలామంది తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి.

షాక్ అబ్జార్బర్లు నిజంగా వేసిన బరువుకి సరిపోయేవి కావాలి. గంటల తరబడి అలల రోడ్డు మీద పోతే వాటిలో ఆయిల్ చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, గంటకోసారి ఆగి చల్లారనివ్వాలి. డీజిల్ బండికి నీళ్లు వేరుచేసే అదనపు ఫిల్టర్ పెట్టించండి, చవకలో ఇంతకంటే మంచి బీమా లేదు. యాక్సిళ్ల గాలి గొట్టాలు పైకి పెంచడం కూడా చిన్నపనే. వేడి డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లు పీల్చుకుంటుంది, ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. ఇంజన్‌కి గాలిని పైకప్పు ఎత్తు నుంచి అందించే స్నార్కెల్ గొట్టం కూడా నీళ్లకంటే దుమ్ముకే ఎక్కువ ఉపయోగం.

కరెంటు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 30, 40 ఆంప్ అవర్లు తీసుకుంటుంది. లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లిథియం ఫాస్ఫేట్‌లో ఎనభై శాతం పైనే వాడొచ్చు, బరువూ తక్కువ, కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు. మంచు దేశాలకైతే అది లోపల పెట్టుకోవాలి.

విడిభాగాల పెట్టెలో నేను పెట్టేవి: ఫిల్టర్లు, బెల్టులు, హోసులు, ఒక చక్రానికి సరిపడా బేరింగులూ సీళ్లూ, ఫ్యూజులు, రిలేలు, వైరు, ఇనప తీగ, ఎపాక్సీ, స్ప్రింగు పట్టీల యూ బోల్టులు, రకరకాల నట్లు. ఆల్టర్నేటర్ అక్కర్లేదు, బరువు. బండి వర్క్‌షాప్ మాన్యువల్ ఫోన్‌లో ఉండాలి, మీకు అర్థం కాకపోయినా బొమ్మలు చూసి మెకానిక్‌కి అర్థమవుతుంది.

ఇవన్నీ అయ్యాక, నిండు లోడుతో వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు తిరిగి రండి, అందులో రెండు రాత్రులైనా బండిలోనే పడుకోండి. చక్రాలు విప్పి బిగించినప్పుడల్లా వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ బిగించాలి. తిరిగొచ్చి కింద పడుకుని కొత్త మరకలు ఎక్కడున్నాయో చూడండి, కాటా మీద మళ్లీ తూయించండి, ఆ ట్రిప్పులో చెయ్యి కూడా తగలని వస్తువులన్నీ దింపేయండి. నావి దింపితే 85 కిలోలు తేలాయి, అందులో ఒక బల్ల రెండు కుర్చీలు కాకుండా ఇంకో బల్ల ఉంది, ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. బయల్దేరే ముందు ఆఖరి రెండు వారాల్లో మాత్రం బండికి కొత్తగా ఏదీ బిగించకండి.